చెలిమికి నిందాపదములా?

ఆంగ్లేయభాషయందు మిక్కిలి గాఢమైన స్నేహమును దెలుపు వాడుకమాటలనుగూర్చి యొకింత విన్నవింపదలచితిమి. ఇవి వట్టి హాస్యపుమాటలు, వీనికింత యలజడి యేల యని కొందఱు మమ్మడుగవచ్చును. ఒకని హృదయమందలి యభిమానమును బదుగురిలో నవ్వులపాలు చేయుటకు హాస్యపుమాట యొక్కటియే చాలును గదా!

ఇద్దఱు మిత్రులు తఱచుగా గలసి తిరిగినచో వారిని 'జాయిండ్ ఎట్ ది హిప్', అనగా తుంటికడ నదుకుకొన్నవారు, అందురు. ఇది శరీరములు గలసి పుట్టిన కవలలను దలపించు మాట. అట్టి కవలలలో జగత్ప్రసిద్ధులు 1811లో సయాముదేశమున జన్మించిన చాంగు, ఎంగు. వారు ఱొమ్ములకడ నంటియుండిరి. అయినను 1843లో వివాహములాడిన కొంతకాలమునకు వేర్వేఱు గృహము లేర్పఱచుకొని, మూడుదినము లొకని యింటను, మూడుదినములు రెండవవాని యింటను గాపురము చేసిరి. మాంసము గలసినవారికే వ్యక్తిత్వము నిలిచియుండగా, మనస్సులు గలసినంతనే యది నశించునని వెక్కిరించుట యవివేకము గాదా?

ఇక 'బ్రోమాన్స్'. సోదరుడను మాటను బ్రణయమను మాటతో నదికి, 1990వ దశకమున నమెరికాలో నొక స్కేట్‌బోర్డు క్రీడాపత్రికవారు దీనిని బుట్టించిరందురు. 2011లో మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువున జేరినది. ఇది మెచ్చుకోలే యని కొందఱి సమర్థనము. మెచ్చుకోలైనచో నా వెకిలినవ్వేల? పురుషుడు పురుషునియెడ బ్రేమ చూపవలెనన్న, దానిని ముందుగా బరిహాసముగా మార్చుకొననిదే చూపరాదని యీ పదము బోధించుచున్నది. 1833లో మిత్రుడు ఆర్థర్ హాలము మరణింపగా, టెనిసనుకవి యా దుఃఖమును బదునేడేండ్లు పద్యములలో బెట్టి 1850లో లోకమునకిచ్చెను. అంతటి కన్నీటికి దావిచ్చిన భాషకు నేడీ మేలమాట కావలసివచ్చెనా?

'కోడిపెండెంట్' అనునది యింతకంటె గ్రూరము. త్రాగుబోతులకు జికిత్స చేయువారు, త్రాగుబోతును సంరక్షించుటలోనే తన బ్రతుకు పోగొట్టుకొను బంధువునుగూర్చి వాడిన మాట యది. అచ్చట దానికి బ్రయోజనము గలదు. దినమున కొకసారి మాటలాడుకొను ఇద్దఱు బాలికలకు దానినంటగట్టుట యారోగ్యమునకు రోగమని పేరిడుటయే.

అట్లని యెల్లస్నేహములును నిర్దుష్టములని మేమనము. 'క్రోనీ' యను మాటను జూడుడు. 17వ శతాబ్దమున నది విద్యార్థులు తమ చిరకాలమిత్రునికి బెట్టుకొన్న ముద్దుపేరు. 'క్రోనీయిజమ్' అనగా మొదట స్నేహమే. 1950 ప్రాంతమున అమెరికాలో ట్రూమను అధ్యక్షుడు తన మిత్రులకు బదవులిచ్చెనను విమర్శలలో నది నిందయైనది. ఆ నింద న్యాయమైనది. ఏలయన, అట్టి చెలిమివలన నర్హుడైన మూడవవాడు మోసపోవును. ఆ మాట యుండవలసినదే.

ఇదియే మా గీటురాయి. చెలిమి యితరుల సొత్తు హరించునా? నిర్భయముగా నిందింపుడు. ఎవ్వరికిని గీడు చేయదా? నోరు మూసికొనుడు. మన యువకులు నేడీ పదములను దెచ్చి తెలుగుమాటలలో జల్లుచున్నారు. ఒకే కంచము, ఒకే మంచము అని మన పెద్దలు సిగ్గుపడక చెప్పుకొన్న స్నేహమును వారి సంతానము బిడియముతో దాచుకొనవలెనా? పరుల నవ్వునకు వెఱచి మిత్రుని భుజముపైనుండి చేయి తీసివేయు బాలుడు పోగొట్టుకొనునది మాట గాదు, మనిషిని.