రక్తపరీక్ష చెప్పే కాలి జాతకం

పసివారి గుండెకు పైసా తీసుకోకుండా శస్త్రచికిత్స చేసే శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి నయా రాయపూర్‌లో ఉంది. క్యాన్సర్ రోగులకు బాల్కో వైద్య కేంద్రం ఉంది. కొత్త రాజధానికి ఇది గౌరవమే. గుండెకు, క్యాన్సర్‌కు దక్కిన ఈ శ్రద్ధ కాలికి ఎందుకు దక్కదన్నదే ప్రశ్న. దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహ రోగులున్నారని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన అధ్యయనం 2023లో అంచనా వేసింది. మధుమేహం, పొగతాగడం కాళ్ల ధమనులను పూడ్చివేస్తాయి. మొదట నడిస్తే పిక్క పట్టేస్తుంది. చివరకు వేలి పుండు మానక నల్లబడుతుంది.

ఆ దశలో బైపాస్ చేయాలా, బెలూన్‌తో నాళాన్ని తెరవాలా? ఈ విషయంలో వైద్యలోకం ఏకాభిప్రాయానికి రాలేదు. 1,830 మందిపై జరిపిన బెస్ట్-సిఎల్ఐ అధ్యయనం 2022లో వెలువడింది. కాలి సిర బాగున్నవారిలో బైపాస్‌దే పైచేయి అని అది తేల్చింది: కాలికి తీవ్ర ప్రమాదమో మరణమో సంభవించినవారు బైపాస్ వర్గంలో 42.6 శాతం, రెండో వర్గంలో 57.4 శాతం. మరుసటి ఏడాది బ్రిటన్‌లో ప్రధానంగా జరిగిన బేసిల్-2 ఇందుకు విరుద్ధంగా పలికింది. మోకాలి దిగువ నాళాలకు చికిత్స అవసరమైన 345 మందిలో, కాలు తీసివేయవలసి వచ్చినవారు, మరణించినవారు కలిపి బైపాస్ వర్గంలో 63 శాతం, రెండో వర్గంలో 53 శాతం. ఈ తేడాకు ప్రధాన కారణం మరణాలే.

అంటే నాళాన్ని చూస్తే చాలదు, మనిషి తట్టుకోగలడా అన్నదీ చూడాలి. రక్త సూచికలకు ప్రాధాన్యం వచ్చింది ఇందుకే. అల్బుమిన్ తగ్గినా, సి-రియాక్టివ్ ప్రోటీన్ పెరిగినా, తెల్లకణాలలో న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి హెచ్చినా కాలికీ ప్రాణానికీ ముప్పు అధికమని పలు పరిశీలనలు సూచించాయి. ఈ నిష్పత్తికి వేరే పరీక్ష కూడా అక్కరలేదు. మామూలు రక్తకణాల లెక్క కాగితంలోనే ఆ రెండు అంకెలూ ఉంటాయి.

అయితే పుండు చీముపట్టినా ఈ అంకెలు మారతాయి. పేదవాడి అల్బుమిన్ తిండిలేక కూడా తగ్గవచ్చు. జాతకం బాగోలేదని చికిత్స నిరాకరించడానికి ఇవి సాకు కారాదు. నీరసించినవాడిని ముందుగా కోలుకునేలా చేయడానికి, చికిత్సా విధానాన్ని ఎంచుకోవడానికి ఉపయోగపడితేనే వీటికి సార్థకత.

అసలు పుండు నల్లబడేదాకా ఆగడమెందుకు? చీలమండ వద్ద, చేతి వద్ద రక్తపోటును చిన్న డాప్లర్ పరికరంతో కొలిచి పోల్చవచ్చు. నిష్పత్తి 0.9కి మించకపోతే ధమని పూడుకున్నట్టే. మధుమేహంతో నాళాలు గట్టిపడినవారిలో ఈ లెక్క మోసం చేస్తుంది గనుక బొటనవేలి వద్ద కొలవాలి. ఆయుష్మాన్ పథకంలో దేశంలోనే తొలి ఆరోగ్య కేంద్రం 2018 ఏప్రిల్ 14న ప్రారంభమైంది ఈ రాష్ట్రంలోనే, బీజాపూర్ జిల్లా జాంగ్లాలో. అటువంటి కేంద్రాలలో చక్కెర చూసిన చేతులతోనే రోగి చెప్పులు విప్పించి పాదాలూ చూడాలి. రాజధాని ఆసుపత్రికి పంపవలసింది అప్పుడే.