ట్రోఫీ పెట్టెను ఆపితే ఏనుగు బతుకుతుందా?

ఆఫ్రికాలో వేటాడిన జంతువుల తలలు, తోళ్లు (ట్రోఫీలు) తమ గడ్డ మీదికి రానివ్వబోమని బ్రిటన్ ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. 2023లో కామన్స్ ఆమోదించిన బిల్లు లార్డ్స్‌లో చతికిలబడింది. మరుసటి ఏడాది లేబర్ పార్టీ అదే హామీని మేనిఫెస్టోలో చేర్చి గెలిచింది. బెల్జియం పార్లమెంటు 2024 జనవరిలోనే నిషేధానికి ఓటేసింది. పైసా ఖర్చు లేకుండా చప్పట్లు దక్కే చట్టం ఇది. ఇంత చర్చలోనూ ఎవరూ నోరెత్తని లెక్క ఒకటుంది: 68 శాతం. కెన్యా 1977లో ట్రోఫీ వేటకు స్వస్తి చెప్పింది. అప్పటి నుంచి 2016 వరకు అక్కడి మేత భూముల్లో వన్యప్రాణుల సంఖ్య సగటున 68 శాతం పడిపోయిందని విమాన సర్వేల ఆధారంగా శాస్త్రవేత్తలు తేల్చారు.

నిషేధమే వాటిని చంపిందని ఎవరూ అనరు. అదే కాలంలో గొర్రెలు, మేకలు 76 శాతం పెరిగాయి. జనాభా పెరిగింది, కంచెలు లేచాయి, కరవులు విరుచుకుపడ్డాయి. వీటిలో ఒక్కదానికీ వేట నిషేధం దగ్గర మందు లేదు, అసలు తిరకాసు అక్కడే ఉంది. తన పొలం తొక్కే ఏనుగు వల్ల చిల్లిగవ్వ రాని రైతు, ఆ నేలను మందకో మొక్కజొన్నకో ఇచ్చేస్తాడు. 68 శాతం వెనకున్న కథ ఇదే.

ట్రోఫీ ఎలా తయారై ఎలా కదులుతుందో గమనిస్తే నిషేధంలోని డొల్లతనం ఇంకా తెలుస్తుంది. తల వరకే కావాలా, భుజాల దాకానా, నిలువెత్తు బొమ్మా అన్నది సఫారీకి బయల్దేరకముందే ట్యాక్సిడెర్మీ నిపుణుడితో మాట్లాడుకుంటారు. ఏనుగు, సింహం లాంటివైతే, అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు పర్మిట్ లేనిదే ట్రోఫీ పెట్టె కదలదు. దొంగ వేటగాడి కొమ్ముకు ఏ కాగితమూ ఉండదు. ఇలా కాగితాలతో కదిలే పెట్టె దగ్గరే షరతులు పెట్టొచ్చు: ఏ కోటా కింద వేటాడారు, ఊరికి ఎంత చెల్లించారు? ఆ వేట జాతి మనుగడకు తోడ్పడుతుందని తేలితేనే అమెరికా ఏనుగు ట్రోఫీలను అనుమతిస్తుంది. బ్రిటన్‌కు ఆ దారి కనిపించదెందుకు?

వేట డబ్బు గ్రామాలకు చేరదు, మధ్యలోనే మింగేస్తారు అంటారు. చాలాచోట్ల నిజమే. కానీ నమీబియా 1996 చట్టంతో వన్యప్రాణులపై హక్కును గ్రామాలకే ఇచ్చింది. నేడు 86 సామూహిక సంరక్షణ ప్రాంతాలు దేశంలో దాదాపు ఐదో వంతు నేలను కాస్తున్నాయి. వేట ఫీజు, మాంసం ఊళ్లకే అందుతాయి. అలాగని ప్రతి వేటనూ వెనకేసుకురావడం లేదు: దక్షిణాఫ్రికాలో బోనుల్లో పెంచిన సింహాలను ఆవరణలోకి వదిలి కాల్పించే దందాను మూసేయాల్సిందే. ఇక మన దేశం ఉదాహరణ: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగింది, పులులు పెరిగాయి కదా అంటారు. చట్టబద్ధ వేట ఆగినా 2005 నాటికి రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులీ మిగల్లేదు. పెరిగినచోట రిజర్వులు, గార్డులు, ఖజానా సొమ్ము వెనకున్నాయి. ఆఫ్రికా ఊళ్లకు ఆ సొమ్ము ఎవరిస్తారు?

బోట్స్వానా 2014లో వేట ఆపి, 2019లో మళ్లీ తెరిచింది. అక్కడ 1.3 లక్షల ఏనుగులున్నాయి. జర్మనీ ట్రోఫీలపై ఆంక్షల మాటెత్తితే 20 వేల ఏనుగులను పంపిస్తామని 2024లో అప్పటి అధ్యక్షుడు మసీసి అన్నారు. యూరప్ నవ్వుకుంది. నవ్వినవాళ్లెవరూ రాత్రిపూట చేనుకు కాపలా కాయరు. నిషేధం కావాలనే బ్రిటన్ ఎంపీలు ముందు ఆ 68 శాతానికి జవాబు చెప్పాలి. తర్వాత, వేట ఆదాయం పోగొట్టుకునే నేలకు ఏటా కౌలు కట్టే బిల్లునూ సభలో పెట్టాలి. ఆ రెండో బిల్లుకు చెయ్యెత్తలేనివారికి మొదటి బిల్లుపై నీతులు చెప్పే అర్హత లేదు.