వెళ్లిపోయినవాడి లాగిన్

మా టీమ్‌లో ఆడిట్ అంటే ఏడాదికోసారి వచ్చే తలనొప్పి. స్క్రీన్‌షాట్లు తీసివ్వడం, ఎక్సెల్ నింపడం, ‘అన్నీ సరిగ్గానే ఉన్నాయండీ’ అని నవ్వడం. పోయినసారి మాత్రం నవ్వు రాలేదు.

ఆడిటర్ మేడమ్ రెండు లిస్టులు పక్కపక్కన పెట్టారు. ఒకటి ఉద్యోగం మానేసినవాళ్లది. రెండోది మా సర్వర్ లాగిన్లది. ‘ఈయన మార్చిలో వెళ్లిపోయారు కదా. మేలో, రాత్రి రెండింటికి డేటాబేస్‌లో మార్పు ఎలా చేశారు?’ అన్నారు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను టేబుల్ చూశా. ఆ లాగిన్ వాడింది నేనే మరి! అర్ధరాత్రి బగ్, నాకు యాక్సెస్ లేదు, మేనేజర్ ఫోన్ ఎత్తలేదు. వెళ్లిపోయినవాడి పాస్‌వర్డేమో టీమంతటికీ తెలుసు. మంచి పనే చేశాననుకున్నా.

ఒప్పేసుకున్నా. వార్నింగ్ లెటర్ వచ్చింది, ఆ ఏడాది హైక్ పోయింది. ‘మీరు నోరు విప్పకపోతే ఎక్కడో ఉన్న ఆయన మీద పడేది’ అన్నారు మేడమ్, లంచ్‌లో. అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదు.

తర్వాత ఆమె సత్యం కథ ఎత్తారు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చినప్పుడు నేను స్కూల్లో ఉన్నా. లెక్కల్లో మోసం అని మాత్రమే తెలుసు. సీబీఐ చెప్పిన మిగతా సగం ఇప్పుడే విన్నా: బిల్లింగ్ సిస్టమ్‌లోకి ‘సూపర్ యూజర్’ లాగిన్‌తో వెళ్లి 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు ఎక్కించారట. వాటికి ‘హైడ్’ అని గుర్తు పెడితే మిగతా సిబ్బందికి కనిపించవు. అంతా మనం రోజూ రాసే కోడ్ లాంటిదే.

అందుకే ఇప్పుడు సీఐఎస్ఏకి చదువుతున్నా. అందరూ ‘సీసా’ అంటారు. ఈ మాట విని మా అమ్మ కంగారుపడింది కూడా! 4 గంటలు, 150 ప్రశ్నలు, 800కి 450 వస్తే పాస్. సర్టిఫికెట్‌కి 5 ఏళ్ల అనుభవం కావాలి. చదువును బట్టి కొంత మినహాయిస్తారు. పరీక్ష ముందే రాసేసుకోవచ్చు. సీఏ చదివి ఉండక్కర్లేదు. లాగ్ చదవడం, ఎస్‌క్యూఎల్ రాయడం వస్తే మనకి అక్కడే సగం పని తేలిక.

మిగతా సగం మాత్రం నాకు కష్టమే. అడగడం. బ్యాకప్ ఉందా అంటే ఎవరైనా ఉందనే చెప్తారు. దాన్నుంచి డేటా తిరిగి తెచ్చి ఎప్పుడు చూశారు అని అడగాలి. అడిగాక వాళ్లు చెప్పేదాకా మాట్లాడకుండా కూర్చోవాలి. పైగా ఎవరూ మనతో టీ తాగరు.

మొన్న ఆ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పా. తిడతాడనుకున్నా. కాసేపు ఏం మాట్లాడలేదు.

‘ఒరేయ్, ఒక్క నిమిషం ఆగు. ఇక్కడా అదే పాస్‌వర్డ్ పెట్టుకున్నా, మార్చి మళ్లీ చేస్తా’ అన్నాడు.