ప్రాణమా, పనా అని తండాను అడిగేవాళ్లకు

"ప్రాణాలు ముఖ్యమా, ఆర్థిక వ్యవస్థ ముఖ్యమా?" కరోనా కాలమంతా టీవీల్లో ఇదే చర్చ. ఒక పక్క డాక్టరు, ఇంకో పక్క వ్యాపారుల సంఘం పెద్దమనిషి. మిత్రులారా, ఆ తక్కెడ దగ్గర ముదిగుబ్బ తండా మనిషిని ఎవరైనా కూర్చోబెట్టారా?

మన మండలం సంగతి మీకు తెలిసిందే. వానను నమ్ముకుని ఏడాదికి ఒక్కసారి వేసే శెనక్కాయ పంట. అది పోతే బెంగళూరులో బేల్దారి పని, కొందరు కేరళ దాకా. ఇంటికాడ ముసలోళ్లు, పిల్లలు, మేకలు. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని మాట్లాడారు, 12 గంటలకు దేశం మూతబడింది. తెల్లారితే ఉగాది. మధ్యలో ఉన్నది నాలుగు గంటలు. బెంగళూరు నుంచి ముదిగుబ్బకు బస్సులో రావడానికే దాదాపు అంత టైము పడుతుంది. పండక్కి ముందే వచ్చినోళ్లు ఇక్కడ పనిలేక ఇరుక్కుంటే, రానోళ్లు అక్కడ కూలీ డబ్బులు చేతికందక ఇరుక్కున్నారు.

లాక్‌డౌనే తప్పని నేను అనను. జిల్లాలో తొలి కేసులు హిందూపురం వైపే బయటపడ్డాయి. ఒక్క గదిలో ఐదారుగురు పడుకునే ఇళ్లు మనవి. ఊపిరాడని మనిషిని అనంతపురం పెద్దాసుపత్రికి చేర్చాలంటే గంటకు పైనే ప్రయాణం. రోగం తండాలోకి వచ్చాక చేయగలిగింది తక్కువ, రాకుండా చూసుకోవడమే దారి. ఇది మనకు కొత్త కాదు. మనుషులకూ పశువులకూ రోగాలు రావద్దని ఆషాఢంలో శీత్లా భవానికి మొక్కే జాతి మనది. కట్టడి అంటే మనకు కోపం లేదు. కట్టడి చేసినోళ్లు ఇంట్లో పొయ్యి సంగతి ఆలోచించలేదు, మన గొడవ అదీ.

ఆ ఏప్రిల్‌లోనే తెలంగాణలోని ములుగు జిల్లా మిరప తోటల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌కు నడిచిపోతూ 12 ఏళ్ల ఆదివాసీ పాప దారిలోనే చనిపోయింది. మూడు రోజుల నడక. ఇల్లు ఇంకొంచెం దూరంలోనే ఉంది. పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది. ఆ పాపను ఏ లెక్కలో రాయాలి, ఆరోగ్యం లెక్కలోనా, ఆర్థికం లెక్కలోనా? ఏ లెక్కలోనూ రాయలేదు. అదే ఏడాది సెప్టెంబరులో, ఇళ్లకు పోతూ చనిపోయిన వలస కూలీల వివరాలు తమ దగ్గర లేవని కేంద్ర కార్మిక శాఖ లోక్‌సభలోనే చెప్పింది.

మరి రెండూ కలిసే దారి లేదా అంటే, ఉంది, మన కళ్లముందే నడిచింది. ఉపాధి హామీ పని. సొంత ఊరు, బయట గాలి, మనిషికీ మనిషికీ దూరం, 2020లో మన రాష్ట్రంలో రోజుకు 237 రూపాయలు. కేంద్రం అదనంగా 40,000 కోట్లు ఇచ్చింది. దేశం మొత్తం మీద 2019-20లో 265 కోట్ల పనిదినాలుంటే, మరుసటి ఏడాది 389 కోట్లయ్యాయి. ఇంటింటికీ ఉచిత బియ్యం కూడా అందడంతో చాలా కుటుంబాలు తట్టుకున్నాయి. పెద్ద ఆర్థికవేత్తలు చెప్పిన "సమతుల్యం" మా దృష్టిలో ఇదే: గడ్డపార, తట్ట, టైముకు పడే కూలీ. టైముకు పడిందా అంటే, అది వేరే గొడవ.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. అదే ఏప్రిల్‌లో అటవీ ఉత్పత్తుల సేకరణకు కేంద్రం లాక్‌డౌన్ నుంచి మినహాయింపు ఇచ్చింది. మే నెలలో చింతపండు మద్దతు ధర 31 నుంచి 36 రూపాయలకు పెంచింది. ఏజెన్సీ అన్నదమ్ములకు మంచిదే. కానీ మైదానంలో ఉన్న సుగాలీకి ఏం వచ్చింది? మన ప్రాంతం ఐదో షెడ్యూలులో లేదు, మనకు ఐటీడీఏ లేదు. ఎస్టీ సర్టిఫికెట్ ఉంది, ఎస్టీ కోసం ఆలోచించే ఆఫీసు మాత్రం పక్కన లేదు. గిరిజనులంటే అడవే అనుకుని వేసే ప్రతి పథకమూ బెంగళూరు అపార్ట్‌మెంట్ల కింద రేకుల షెడ్లలో పడుకునే మనోళ్లను దాటిపోతుంది.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం ఐదుగురిని పనికి పెట్టినా రిజిస్ట్రేషన్ ఉండాల్సింది, ప్రయాణ ఖర్చు ఇవ్వాల్సింది. అమలు ఎట్లుండేదో వేరే చెప్పాలా? దాన్ని గట్టిగా అమలు చేయాల్సింది పోయి, 2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త కోడ్ ఆ ఐదును పది చేసింది. మన మేస్త్రీల కింద పోయేది ఆరుగురు, ఎనిమిదిమంది. అంటే రేపు మళ్లీ రోడ్డు మీద పడితే, చట్టం కంటికి వాళ్లు కనపడరు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక పని మనమే మొదలుపెడదాం. ఈసారి బెంగళూరు బస్సెక్కేవాళ్ల పేర్లు, మేస్త్రీ ఫోన్ నంబరు, పని చేసే చోటు, రేషన్ కార్డు నంబరు ఒక నోట్‌బుక్‌లో రాసి, నాయక్, కార్‌భారి సంతకాలు పెట్టించండి. వచ్చే గ్రామసభలో అది చదివి, తీర్మానంగా రాయమని అడగండి. ఒక కాపీ సచివాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి.