మీతో ఓ మాట: అమ్మ కబుర్లు రాసిపెట్టుకుందామా?

మిరప కళ్ళం దగ్గర కూర్చుని, తొడిమలు తీస్తూ, తాలుకాయలు ఏరుతూ మీ అమ్మగారో అత్తగారో చెప్పిన కబుర్లు మీలో ఎంతమందికి గుర్తున్నాయి? గుర్తున్నవైనా ఎక్కడన్నా రాసిపెట్టారా? లేదు కదూ! 1922లో ఉన్నవ దంపతులు గుంటూరులో శారదా నికేతనం స్థాపించి ఆడపిల్లలకు చదువు చెప్పించారు. అయినా పత్తి చేలకూ మిరప చేలకూ వెళ్ళిన పల్లెటూరి ఆడవాళ్ళలో ఎంతోమందికి బడి మొహమే తెలియదు. వాళ్ళ జీవితమంతా వాళ్ళ నోటనే ఉంది. రాసిపెట్టకపోతే వాళ్ళతోనే పోతుంది.

"రాయాలనే ఉందండీ, ఎలా మొదలుపెట్టాలో తెలీదు" అంటారా? ఆ చిక్కుకు మీ ఫోన్ పనికొస్తుంది. కృత్రిమ మేధ అంటున్నారే, అదే. 2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చింది. 2024 జూన్‌లో గూగుల్ వారి జెమినీ యాప్ తెలుగులో కూడా వచ్చింది. టైపు చెయ్యడం రాకపోయినా ఫరవాలేదు, మైకు బొమ్మ నొక్కి మామూలుగా మాట్లాడితే చాలు.

అయితే "మా అమ్మ గురించి రాసిపెట్టు" అని మాత్రం అడక్కండి. దానికి మీ అమ్మ తెలీదుగా! పచ్చని పొలాలు, కల్మషం లేని మనసు అంటూ ఎవరి అమ్మకైనా అతికే మాటలు నాలుగు పేర్చి ఇస్తుంది. తెలియనిది కల్పించి చెప్పడానికి దానికి మొహమాటం కూడా లేదు. ఇలా చెప్పి చూడండి: "మా అమ్మ జ్ఞాపకాలు రాసుకోవాలి. ఒక్కో ప్రశ్నా అడుగు, నేను జవాబు చెబుతాను." పెళ్ళినాటికి వయసెంత, రోజు కూలి ఎంత, చంటిబిడ్డను చేలో ఎక్కడ పడుకోబెట్టేవారు, ఇలాంటివి అడుగుతుంది. మీకు తెలియని చోట అమ్మనే అడగండి. ఇన్నేళ్ళలో మీరెన్నడూ వినని సంగతులు అప్పుడు బయటికొస్తాయి.

తర్వాత దిద్దించుకోవడం. "అక్షర దోషాలు దిద్దు, నా మాటలు మార్చకు, కొత్తవి చేర్చకు" అని గట్టిగా చెప్పాలి. లేకపోతే "చేతులు భగ్గున మండుతుంటే నూనె రాసుకుని మళ్ళీ కాయలు ఏరేదాన్ని" అన్న మాట కాస్తా "మిర్చి శుద్ధి ప్రక్రియలో మహిళలు ఇబ్బందులు ఎదుర్కొనేవారు" అయి కూర్చుంటుంది! అది అమ్మ మాటా, ఆఫీసు కాగితమా?

ఇంటి గొడవలూ బ్యాంకు వివరాలూ అందులో చెప్పుకోకండి. ఆ సంభాషణల్లో కొన్నింటిని మనుషులు చూసే అవకాశం ఉందని గూగుల్ వారే చెబుతున్నారు.

ఇక పచ్చళ్ళ కొలతలు. అమ్మ "తవ్వెడు కారం, సోలెడు ఉప్పు" అంటే యంత్రం టకీమని గ్రాముల్లోకి మార్చేస్తుంది. నమ్మకండి. తవ్వకు రెండు సోలలు, నిజమే. కానీ తవ్వెడు కారం బరువూ తవ్వెడు ఉప్పు బరువూ ఒకటి కాదు కదా! అమ్మ వాడే తవ్వతోనే కొలిపించి, కాటాలో తూచి, ఆ అంకె మీరే వెయ్యండి. అంతా అయ్యాక ఓ నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకోండి, ఫోన్లు పాడైపోతుంటాయి. కొరివికారం పేజీకి నూనె మరకలు పడితే పడనివ్వండి.