ఇల్లు నీది, నేల నాది

అమెరికాలో మొబైల్ హోమ్ పార్కుల మాట వస్తే చాలు, అద్దె గిట్టకపోతే ఇల్లు పట్టుకుని మరో చోటికి పోవచ్చు కదా అంటారు. పార్కును అక్కడి బీదాబిక్కీకి అప్పగిస్తే నాలుగు రోజుల్లో దివాలా తీయిస్తారనీ అంటారు. ఈ రెండు మాటలూ పార్కు యజమానులకు లాభసాటివే. నిజాలు మాత్రం కావు.

ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వచ్చిన ఆ ఇల్లు, ఒకసారి దిమ్మెల మీద కూర్చుని నీళ్ళు, మురుగు, కరెంటు లైన్లు తగిలించుకున్నాక కదలడం అరుదు. కదిలించాలంటే వేల డాలర్లు కావాలి. పాతదైతే దారిలోనే విరగొచ్చు. 1976లో ఫెడరల్ ప్రమాణాలు రాకముందు కట్టినదైతే చాలా పార్కులు గేటు దాటనివ్వవు. అందుకే ఇల్లు సొంతమైనా, కింది జాగా అద్దెది కాబట్టి, అద్దె నియంత్రణ లేని చోట యజమాని ఎంత పెంచితే అంత కట్టాలి. పార్కుల పెట్టుబడుల్లో పేరుమోసిన ఫ్రాంక్ రోల్ఫ్ ఈ వ్యాపారాన్ని, తినడానికి వచ్చినవాళ్ళను బల్లలకు గొలుసులతో కట్టేసిన హోటల్‌తో పోల్చాడు. దాపరికం లేని మనిషి!

ఇక చేతకానితనం సంగతి. 1984లో న్యూ హాంప్‌షైర్‌లోని మెరిడిత్‌లో 13 కుటుంబాలు సహకార సంఘం పెట్టుకుని, కమ్యూనిటీ లోన్ ఫండ్ అనే సంస్థ ఇచ్చిన అప్పుతో తాముంటున్న పార్కునే కొనేశాయి. ఇప్పుడు ఆ చిన్న రాష్ట్రంలోనే అలాంటివి వందకు పైగా ఉన్నాయి. 2008లో మొదలైన ఆర్‌ఓసీ యూఎస్‌ఏ అనే సంస్థ సాయంతో దేశం మొత్తమ్మీద మూడొందలు దాటాయి. నేల సంఘానిది. సభ్యులు కట్టే జాగా అద్దెతోనే అప్పు వాయిదాలు తీరతాయి. అద్దె ఎంతో తేల్చేది వాళ్ళు ఎన్నుకున్న బోర్డే. కొన్న కొత్తలో అద్దె కాస్త పెరగొచ్చు, పాత మురుగు లైన్లు ఖర్చు పెట్టించొచ్చు. ఆ డబ్బు మాత్రం ఎక్కడో ఉన్న వాటాదారుడి జేబులోకి పోదు. బోర్డులో తగాదాలుండవా? ఉంటాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాలు చూసినవాళ్ళకు అది వింతేమీ కాదు. ఆ కేకలు విని, ఫ్లాట్లన్నీ బిల్డరుకు తిరిగిచ్చి అద్దెకుండమని ఎవరూ చెప్పరే!

అలాగని సొంతం చేస్తామన్న ప్రతివాడినీ నమ్మలేం. కాలిఫోర్నియాలో కొందరు యజమానులు పార్కును ప్లాట్లుగా విడగొట్టి అమ్మకానికి పెట్టారు. ఒక్క ప్లాటు అమ్ముడైతే చాలు, కొనలేని అద్దెదారుల్లో చాలామందికి నగరం పెట్టిన అద్దె నియంత్రణ వర్తించకుండా పోయేది. నివాసులు వద్దంటే స్థానిక ప్రభుత్వం కాదనగల అధికారం 2013 చట్టంతో గానీ రాలేదు.

నివాసులకు అసలు కొరత తెలివి కాదు, గడువు. పార్కు కొనాలనుకునే కంపెనీ నగదుతో వస్తుంది. సంఘం పెట్టుకుని అప్పు తెచ్చుకోవడానికి వీళ్ళకు నెలలు పడతాయి. పార్కు అమ్మే ముందు నివాసులకు 60 రోజుల నోటీసు ఇవ్వాలని న్యూ హాంప్‌షైర్ చట్టం చెబుతోంది. అక్కడ అన్ని సంఘాలు పుట్టడానికి లోన్ ఫండ్ ఎంత కారణమో ఈ నోటీసూ అంతే కారణం. అలాంటి చట్టం లేని రాష్ట్రాల శాసనసభలు ముందు ఆ పని చేయాలి.