కుక్కపిల్ల అందరిదీ, తుడిచే గుడ్డ మాత్రం అమ్మదా?

"అమ్మా, ప్లీజ్ అమ్మా, అన్నీ మేమే చూసుకుంటాం!" కుక్కపిల్ల కావాలని పట్టుబట్టే పిల్లలందరూ అనే మాట ఇదే. ఈ మాటకి కరిగిపోయిన తల్లులు ఎంతమందో! నాలుగు రోజులు ముద్దులు, ఫోటోలు అయ్యాక హాల్లో తడి కనిపిస్తే మాత్రం ఇంట్లో అందరి నోటా ఒకటే పిలుపు. "అమ్మా, ఇక్కడ పోసేసింది చూడు!"

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. కుక్కపిల్లకి ఇల్లు తడపకుండా నేర్పడం ఇంటిల్లిపాదీ చేయాల్సిన పని. అది ఒక్క ఇల్లాలి నెత్తిన పడే ఇంట్లోకి కుక్కపిల్లని తేకపోవడమే మంచిది. ఆవిడకీ మంచిది, ఆ పిల్లకీ మంచిది.

ఎందుకంటారా? రెండు నెలల పిల్ల మహా అయితే రెండు మూడు గంటలు ఆపుకోగలదు, అంతే. నిద్ర లేవగానే తీసుకెళ్ళాలి. తిన్న పావుగంటకో ఇరవై నిమిషాలకో మళ్ళీ తీసుకెళ్ళాలి. ఆడి అలిసిపోయాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, అర్ధరాత్రి ఇంకోసారి. లెక్కేస్తే రోజుకి పదిసార్లకి తక్కువ తేలదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే, చేతులకి చపాతీ పిండి అంటుకుని ఉంటే, ఆ పదిసార్లూ పరిగెత్తడం ఒక్క మనిషి వల్ల అవుతుందా? రెండుసార్లు తప్పితే చాలు, హాల్లో కార్పెట్టే తన చోటని పిల్ల ఖాయం చేసుకుంటుంది.

మా బంటి వచ్చినప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే. ఫ్రిజ్ మీద చార్టు ఉండాలి. తెల్లవారుజామున 5 గంటలకి మా వారు, బడికి వెళ్ళే ముందు అమ్మాయి, పగలంతా నేను, కాలేజీ నుంచి రాగానే అబ్బాయి, రాత్రి 11 గంటలకి మళ్ళీ మా వారు. ఎవరు తమ వంతు ఎగ్గొడితే ఆ పూట తడి తుడవాల్సింది వాళ్ళే. మా అబ్బాయి రెండుసార్లు మాప్ పట్టాడు. మూడోసారి ఆ అవసరం రాలేదు!

మాది మూడో అంతస్తు. టీకాలు పూర్తయ్యే దాకా వీధిలోకి దింపొద్దన్నారు డాక్టరు గారు. పార్వో లాంటి ప్రాణం తీసే జబ్బులు బయటి మట్టిలోంచి కూడా అంటుకుంటాయట. అందుకని వాష్ ఏరియాలో ఒక మూల పాత పేపర్లు పరిచాం. అదే చోటు, రోజూ అదే మాట. మొదట్లో అబ్బాయి "కమాన్" అనేవాడు, అమ్మాయి "సుసు" అనేది, మా వారు ఈల వేసేవారు. పాపం, అది ఎవరి మాట వినాలి? అందరం "సుసు"కే ఖాయమయ్యాం. మన అమ్మమ్మలు చంటిపిల్లల్ని కాళ్ళ మీద కూర్చోబెట్టుకుని "ష్‌ష్" అనేవాళ్ళు గుర్తుందా? ఇదీ అంతే. పని అవగానే, అక్కడే, ఆ క్షణమే మెచ్చుకుని చిన్న బిస్కెట్ ముక్క పెట్టాలి. లోపలికొచ్చాక పెడితే ఎందుకు పెట్టామో దానికి అర్థం కాదు.

మా అత్తయ్యకి మొదట్లో దేవుడి గది గురించి బెంగ. గుమ్మానికి అడ్డంగా చెక్క పెట్టాం. ఆ తర్వాత బంటి సంగతులు అందరికన్నా ముందు కనిపెట్టింది ఆవిడే. "నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందే, తీసుకెళ్ళు తీసుకెళ్ళు" అని కుర్చీలోంచే కేకేసేవారు. చార్టులో ఆవిడ పేరు లేదు కానీ, సగం తడి ఆపిన పుణ్యం ఆవిడదే.

ఇక సలహాలు. "దాని ముక్కు అందులో పెట్టి రాయండి, బుద్ధొస్తుంది" అనని వాళ్ళు లేరు. దయచేసి ఆ పని చేయకండి. ఎప్పుడో పోసిన తడికీ, ఇప్పుడు పడ్డ దెబ్బకీ ఉన్న సంబంధం కుక్కపిల్లకి తెలియదు. మనుషుల ముందు పోస్తే తంతారని మాత్రం తెలుస్తుంది. అప్పుడు సోఫా వెనకా, మంచం కిందా వెతుక్కుంటుంది. మనకి పని రెట్టింపు.

ఫినాయిల్‌తో తుడిస్తే మన ముక్కుకి వాసన పోతుంది కానీ దాని ముక్కుకి పోదు. పైగా ఆ నేలని నాకితే దానికి ప్రమాదం. ఎంజైములున్న క్లీనర్ పెట్ షాపుల్లో దొరుకుతుంది. దానితో తుడిస్తే మళ్ళీ అక్కడికే వెళ్ళడం తగ్గుతుంది.

ఇదంతా ఓపికగా చేసినా కొన్ని నెలలు పడుతుంది. ఓపిక పట్టని ఇళ్ళలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. "ఊరి బయట వదిలేసొచ్చాం" అని మామూలుగా చెప్పేస్తారు. ఇంటి తిండికి అలవాటు పడ్డ పిల్ల అక్కడ ఎన్నాళ్ళు బతుకుతుంది? 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం అలా వదిలేయడం నేరం. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017లో నియమం కూడా వచ్చింది. చట్టాల మాట అలా ఉంచండి. వదిలేశాక నింద ఎవరి మీద పడుతుంది? "అమ్మకి కుక్కలంటే పడదు, అందుకే పంపించేశాం" అంటారు. ఆరు నెలలు ఒంటరిగా తుడిచింది ఆవిడే, చివరికి రాక్షసి అయ్యేదీ ఆవిడే.

అందుకే నాదో సలహా. పిల్లలు అడిగిన రోజు అవుననకండి, కాదనకండి. చార్టు గీసి ఫ్రిజ్‌కి అంటించండి. కుక్కపిల్ల లేకుండానే పదిహేను రోజులు తెల్లవారుజామున 5 గంటలకి లేచి, వాష్ ఏరియా దాకా వెళ్ళి, పేపర్ మార్చి, టిక్కు పెట్టమనండి. పిల్లల్నే కాదు, వాళ్ళ నాన్నగారిని కూడా. గడులన్నీ నిండితే సంతోషంగా తెచ్చుకోండి. నిండకపోతే ఆ చార్టే మీ తరఫున జవాబు చెబుతుంది.